తెలియని నీటిమొక్కకు తలకిందుల చిట్కాలు

తోటలో చిన్న గుంట తవ్వి, రెండు తామర దుంపలు వేసి, నాలుగు చేపపిల్లలు వదిలినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సంగతి ఎదురవుతుంది. తాము వెయ్యని మొక్క ఒకటి నీళ్ల మీద తేలుతూ కనబడుతుంది. "ఏం మొక్కప్పా ఇది?" అని అడిగితే నలుగురు నాలుగు పేర్లు చెప్తారు. గుర్రపుడెక్క, పీకి పారెయ్యమని ఒకరు. అజొల్లా, బర్రెకు వెయ్యమని ఇంకొకరు. ఏదో బుడ్డ తామర, చూడముచ్చటగా ఉంది, ఉండనీ అని మూడో ఆయన. ఫోన్లో ఫోటో తీసి చూడు, పూవు పూసేదాకా ఆగు, ఇంత మందు కొట్టు అనేవాళ్లూ ఉంటారు.

నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు. వినగానే తిక్క సలహాల్లా తోస్తాయి. మహానంది చుట్టుపక్కల నీళ్లు ఎట్లా పారతాయో తెలిసినవాళ్లు మాత్రం వీటిని అంత తేలిగ్గా కొట్టెయ్యరు.

మొదటి సలహా: పేరు కోసం వెతకొద్దు. మీ గుంటలోంచి నీళ్లు బయటికి పోయే దారి ఎక్కడుందో వెతకండి.

మహానందిలో నీరు నిలవదు. నల్లమల అడుగున ఇంకిన వాన ఊటగా పైకి వస్తుంది. గుడిలో లింగం కిందినుంచి వచ్చే ఆ నీరు గుండాల్లో నిండి, అడుగున వేసిన నాణెం కూడా కనబడేంత తేటగా ఉండి, ఆగకుండా బయటికి పోతుంది. నడివేసవిలో కూడా పారుతూనే ఉంటుంది. గుడి దాటిన ఆ నీరే కింది మాగాణికి, అరటి తోటలకు అందుతుంది. ఈ వైపు వంకలు, కాలువలు చివరికి కుందూను చేరతాయి, కుందూ పోయి కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. అందుకని మహానంది దగ్గరి తోటలో గుంట ఎవరి సొంతమైనా, అందులో తేలే మొక్క ఆ ఒక్క ఇంటిది కాదు. మడవ తీసి ఉంటే, మీరు పేరు కనుక్కునేలోపు అది పక్కవాళ్ల కయ్యలో ఉంటుంది.

అందుకే ముందు తూముకు అడ్డం పెట్టండి. ఉల్లిగడ్డలు వచ్చే వల సంచి రెండు మడతలు వేసి గొట్టం మూతికి కడితే పెద్ద మొక్కలు ఆగుతాయి. చిన్నవి ఆగాలంటే దాని లోపల పాత నూలు చీర ముక్క కూడా పెట్టాలి. గుడ్డ రెండు రోజుల్లో పాకుడు పట్టి మూసుకుపోతుంది, రోజూ విదిలించాలి. విదిలించినదాన్ని గట్టు మీద ఎండలో వెయ్యాలి, కాలువలోకి కాదు. వాన వచ్చేటట్టుంటే గుంటలో నీళ్లు ముందే ఒక జానెడు తగ్గించి పెట్టుకోండి. పొంగి పొర్లిన నీటికి ఏ సంచీ అడ్డం నిలవదు.

కర్నూలు, కడప పట్టణాల్లో మిద్దె మీద తొట్టి పెట్టుకున్నవాళ్లకు ఈ బాధ తక్కువ. తొట్టి కడిగిన నీళ్లు మురికి కాలువలో పొయ్యకుండా చెట్ల మొదట్లో పోసుకుంటే చాలు.

దారి మూసిన తర్వాత ఒక పిడికెడు మొక్కలు బకెట్లోకి తీసి, నీడలో కూర్చుని నింపాదిగా చూడండి. ఇక్కడ రెండో సలహా. పైనుంచి చూడొద్దు. మొక్కను తలకిందులు చెయ్యండి. ఫోటో తీసినా వేళ్ల వైపే తీయండి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీయండి. పైనుంచి తీసిన ఫోటోలో పచ్చటి చుక్కలన్నీ ఒకేలా ఉంటాయి. ఆ పచ్చదనం చూసి ఫోన్ చెప్పే పేరు సగం ఊహ. తేలే మొక్కల తేడాలు నీటి అడుగు భాగంలోనే ఎక్కువ.

కందిబేడ కంటే చిన్న చదును ఆకు, దాని కింద ఒక్కటే దారం వేలాడితే అది లెమ్నా. అదే పోలిక ఉండి, కొంచెం పెద్దదై, తిప్పితే అడుగు ఎరుపు కలిసిన ఊదా రంగులో ఉండి, వేళ్లు గుత్తిగా కనబడితే స్పైరొడెలా. వేరే లేకుండా, మిల్లీమీటరు కూడా లేని పచ్చటి పూసలు వేలికి అంటుకుంటే వుల్ఫియా. పూసే మొక్కల్లో లోకంలోకెల్లా చిన్నది అదే. థాయిలాండ్‌లో దాన్ని కూరగా వండుకుంటారు. ఈ మూడూ మన గుంటల్లో కలిసే ఉండొచ్చు, కాబట్టి ఒకటి చూసి అంతా అదేనని అనుకోవద్దు.

పొలుసుల్లాంటి సన్నటి ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పట్టుకుంటే తునిగిపోయి, సన్నటి వేళ్లు విడివిడిగా వేలాడితే అజొల్లా. నీడలో పచ్చగా ఉంటుంది. మన ఎండకు, భాస్వరం చాలని నీటిలో, చలి రోజుల్లో ఇటుక రంగుకు తిరుగుతుంది. ఎర్రబడిందని తెగులు అనుకుని మందు తెచ్చినవాళ్లు ఉన్నారు. అది తెగులు కాదు, ఎండ నుంచి తనను కాచుకోవడానికి మొక్క తెచ్చుకున్న రంగు.

ఆకులు గులాబీ రేకుల వరసలో విచ్చుకుని, చేత్తో తడిమితే మెత్తటి నూగు తగిలి, ఆకు పొడుగునా ఈనెలు ఎత్తుగా లేచి ఉంటే అంతరతామర. దాని అడుగున వేళ్లు తెల్లటి కుచ్చులా ఉంటాయి. ఒకదాన్ని ఎత్తితే పిల్ల మొక్కలు తీగ పట్టుకుని వెంట వస్తాయి. దాని పూవు ఆకుల మొదట్లో దాక్కుని ఉంటుంది, వెతికితే తప్ప కనబడదు.

ఇక గుర్రపుడెక్క. దీన్ని అందరూ గుర్తుపడతామనే అనుకుంటారు. కాడ మధ్యలో బుడ్డ ఉబ్బి ఉంటేనే అది అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. బుడ్డ కాడలు ఖాళీ నీటిలో విడిగా తేలే మొక్కలకు వస్తాయి. కిక్కిరిసి పెరిగినచోట అదే మొక్క కాడ సన్నబడి, మోకాలెత్తు దాకా నిటారుగా లేస్తుంది, బుడ్డ ఉండదు. గుంట నడుమ గుంపులోంచి ఒకటి పీకి, బుడ్డ లేదు కాబట్టి ఇది వేరే మొక్క అని వదిలేస్తే మోసపోయినట్టే. అంచున ఒంటరిగా ఉన్నదాన్ని పట్టుకోండి. కాడను అడ్డంగా కోస్తే లోపలంతా గాలి గదులు. కింద వేళ్లు నల్లగా, ఊదా ఛాయతో, ఈకల గుత్తిలా ఉంటాయి. అనుమానం అక్కడితో తీరుతుంది.

లాగితే అడుగు బురదలోంచి తాడు వచ్చినట్టు వస్తే అది తేలే మొక్కే కాదు. కలువ, తామర, తూటికూర లాంటివాటికి వేరో తీగో నేలను పట్టుకుని ఉంటుంది. కలువాకుకు ఒకవైపు చీలిక ఉంటుంది, తామరాకుకు ఉండదు. తూటికూర కాడ బోలుగా ఉంటుంది, విరిస్తే పాలు కారతాయి. వీటి గురించి కంగారు అక్కర్లేదు.

మూడో సలహా: మొక్కను ముంచండి. అరచేత్తో నీళ్లలోకి అదిమి, వందదాకా లెక్కపెట్టి వదలండి. పైకి వచ్చాక ఆకు మీద తడి ఉందా? అంతరతామర పొడిగా లేస్తుంది. సాల్వీనియా కూడా పొడిగానే లేస్తుంది. పొడిగా లేచింది, అంతరతామర కాదు అనిపిస్తే భూతద్దం తెచ్చుకోండి. ఈ వ్యాసం మొత్తంలో నేను ఎక్కువ పట్టుబట్టేది ఈ దగ్గరే.

సాల్వీనియాకు ప్రతి కణుపు దగ్గరా మూడు ఆకులు. రెండు పైన తేలుతుంటాయి, మూడోది నీళ్లలో వేళ్లలాగా చీలిపోయి వేలాడుతుంది. దీనికి అసలు వేరే ఉండదు, మనం వేళ్లనుకునేది ఆ మూడో ఆకే. పై ఆకుల మీద నూగు ఉంటుంది. భూతద్దంలో ఆ నూగు ఒక్కొక్కటీ కొసన నాలుగు పాయలుగా చీలి కనబడుతుంది. ఆ నాలుగు పాయలూ కొసల్లో మళ్లీ కలుసుకుని మజ్జిగ కవ్వం తలలా ఉన్నాయా, లేక విడివిడిగానే ఉన్నాయా అన్నది చూడాలి. కలుసుకుని ఉంటే అది చాలావరకు సాల్వీనియా మోలెస్టాయే, లోకంలో చాలా చెరువులను కప్పేసిన మొక్క, కేరళవాళ్లు ఆఫ్రికన్ పాయల్ అని పిలిచేది. విడిగా ఉంటే దాని బంధువుల్లో ఒకటి. ఈ పరీక్షకు పదిరెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం చాలు. ఆకు మీద నీళ్లు విదిలించి, ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుంటే నూగు వెండిలా మెరుస్తూ స్పష్టంగా కనబడుతుంది.

ఇంత చిన్న వెంట్రుక మీద ఇంత పట్టుదల ఎందుకంటారా? శ్రీలంకకు ఈ మొక్క 1939లో కొలంబోలో వృక్షశాస్త్ర పాఠాల కోసం వచ్చి, బయటపడి, వరి మడులను కప్పేసింది. ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కట్టిన కరీబా జలాశయంలోనూ విపరీతంగా పాకింది. చాలా ఏళ్లు అందరూ దాన్ని సాల్వీనియా ఆరిక్యులేటా అనే వేరే మొక్క అనుకున్నారు. ఆ మొక్కను తినే పురుగులను తెచ్చి వదిలితే అవి పనిచెయ్యలేదు, ఎందుకంటే అవి వేరే మొక్కకు అలవాటుపడ్డ పురుగులు. 1972లో మిచెల్ అనే శాస్త్రవేత్త ఇది వేరే జాతి అని తేల్చి మోలెస్టా అని పేరు పెట్టాడు. 1978లో దాని పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్‌లో దొరికింది. అక్కడ దాని మీదే బతికే చిన్న ముక్కుపురుగు కూడా దొరికింది. 1980లో ఆస్ట్రేలియాలోని మూండర్రా సరస్సులో ఆ పురుగును వదిలితే, ఏడాది తిరిగేసరికి సరస్సు మీది మేట కుళ్లి మునిగిపోయింది. తర్వాత కేరళకూ అదే పురుగు వచ్చింది, అక్కడా ఫలితమిచ్చింది. పేరు తప్పు పెట్టుకున్నన్నాళ్లూ మందు దొరకలేదు. తొందరపడి పేరు పెట్టొద్దని నేను అనేది ఇందుకే. తెలియని మొక్క తెలియనిదిగా ఒక నెల బకెట్లో ఉన్నా నష్టం లేదు. తప్పు పేరు పెట్టుకుంటే మాత్రం ఆ తర్వాత చేసేదంతా తప్పే అవుతుంది.

నాలుగోది వింటే చాలామంది నొసలు ముడేస్తారు. అనుమానమున్న మొక్కను పెంచండి. గుంటలో కాదు, ఇరుకైన చెంబులోనో మగ్గులోనో. చెంబెడు నీళ్లకు చిటికెడు పేడ కలిపి, మొక్కలు వేసి, దోమలు వాలకుండా పైన పలచటి గుడ్డ కట్టి, పొద్దుటి ఎండ తగిలే చోట పెట్టండి. లేత సాల్వీనియా ఆకులు చిన్నగా, చదునుగా నీటికి అంటుకుని ఉంటాయి, అప్పుడు అది అజొల్లా అనో లెమ్నా అనో భ్రమ కలుగుతుంది. ఇరుకులో పడేసరికి అదే మొక్క ఆకులు పెద్దవై, నడుమ ఈనె వెంబడి మడత పడి, నిటారుగా లేచి ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. అజొల్లా ఎంత ఇరికించినా ఆ రూపానికి రాదు, దొంతరలుగా పేరుకుంటుంది అంతే. చెంబులో పదిహేను రోజులు ఓపిక పడితే మొక్కే తన అసలు రూపం చూపిస్తుంది. చూశాక ఆ నీళ్లను కాలువలో పొయ్యొద్దు, ఎండిన నేల మీద పొయ్యండి.

పూవు కోసం ఎదురుచూడొద్దు. పూవును బట్టి మొక్కను పోల్చుకోవడం పుస్తకాలు నేర్పిన పద్ధతి, నీటి మీద అది చాలాసార్లు కుదరదు. సాల్వీనియా, అజొల్లా రెండూ ఫెర్న్ జాతివి, ఎన్నేళ్లు ఆగినా పూయవు. మద్రాసు రాజధాని మొక్కల మీద గాంబుల్ మొదలుపెట్టిన పెద్ద గ్రంథం 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది. దక్షిణాది మొక్కలు చూసేవాళ్లు ఇప్పటికీ దాన్నే తిరగేస్తారు. అది పూలమొక్కల గ్రంథం, అందులో ఫెర్న్‌లు ఉండవు. పుస్తకమంతా వెతికినా లేదు కాబట్టి ఇది కొత్త మొక్క అని సంబరపడకండి. ఇక గుర్రపుడెక్క పూస్తుంది, ఊదారంగులో, పై రేకు మీద పసుపు మచ్చతో, నిజంగా అందంగానే పూస్తుంది. అది పూసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. గింజలు రాలి అడుగు బురదలో చేరి ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. గుంట ఎండి, మళ్లీ నిండినప్పుడు మొలుస్తాయి. పైగా మంచి ఎండ, పేడ నీళ్లు ఉన్నచోట ఆ మొక్క రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. తొలకరికి ఒకటి ఉంటే, అదే లెక్కన దీపావళికి వెయ్యి దాటుతుంది. రాయలసీమలో దీనికి ఇంకో నష్టం ఉంది. గుర్రపుడెక్క కప్పిన గుంటలోంచి ఉత్త నీటి గుంటలో కంటే ఎక్కువ నీరు ఆవిరైపోతుంది. నీడ పడి నీళ్లు నిలుస్తాయని కొందరు ఉంచుకుంటారు, అది తలకిందుల లెక్క.

బర్రెకు వెయ్యొద్దు. ఈ మాట చాలామందికి రుచించదు, అజొల్లా పశువులకు మంచి మేత అని వ్యవసాయ శాఖవాళ్లే చెప్తారు కదా అంటారు. నిజమే. అజొల్లా ఆకు గదుల్లో అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, అందుకే దానిలో మాంసకృత్తులు ఎక్కువ. అయితే పశువుకు వెయ్యదగినది మీరు టార్పాలిన్ గుంతలో, తెలిసిన విత్తనంతో పెంచిన అజొల్లా. దానంతట అది వచ్చి గుంటలో తేలేది అజొల్లా అయినా కావచ్చు, లేత సాల్వీనియా అయినా కావచ్చు. అంతరతామర ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నోరు దురద పెడుతుంది. మురికినీరు కలిసే గుంటలో మొక్క ఏదైనా సరే, ఆ నీటిలోని సీసం లాంటి లోహాలను పీల్చుకుని ఉండొచ్చు. పేరు తేలి, నీరు మంచిదని తెలిసేదాకా గంపలో వెయ్యకండి.

మందు అసలే కొట్టొద్దు. గుంట నిండా ఉన్న మొక్క ఒక్కసారి చస్తే, కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువునంతా అదే తినేస్తుంది, మరుసటి పొద్దున చేపలు తెల్లగా తేలతాయి. పైగా నీటి కలుపుకు కొట్టే 2,4-డి మందు పత్తికి పెద్ద శత్రువు. గాలికి కొట్టుకుపోయిన తుంపర తగిలినా చాలు, పత్తి ఆకు సన్నటి వేళ్లలా ముడుచుకుపోతుంది. నంద్యాల చుట్టూ పత్తి వేసే ఊళ్లున్నాయి. మీ గుంటలో మొక్క పోవడం కోసం పక్కవాడి పైరు పోగొట్టే హక్కు ఎవరికీ లేదు.

దోమలు రావు, మొక్క నీటిని కప్పేసింది కదా అనే మాట కూడా నమ్మొద్దు. లెమ్నా, అజొల్లా చిక్కగా కప్పితే కొన్ని రకాల దోమలు తగ్గుతాయి. మాన్సోనియా అనే దోమ అట్లా కాదు. దాని పిల్లపురుగు గాలి కోసం పైకి రాదు, తేలే మొక్క వేరులోకి గొట్టం గుచ్చి అక్కడి గాలే పీల్చుకుంటుంది. అంతరతామర దానికి ఇష్టమైన ఇల్లు. కేరళలో చేర్తల ప్రాంతంలో బోదకాలు వ్యాధి మీద పని చేసినవాళ్లు దోమను చంపడం కంటే ముందు చెరువుల్లోంచి అంతరతామరను తీయించింది ఇందుకే.

మరి ఏం చెయ్యాలి? చేత్తో తియ్యాలి, ఎండకు ఇవ్వాలి. మన ఎండ కంటే గట్టి కలుపు మందు లేదు. గుంటకు దూరంగా, వాన నీరు పారని చోట, బండ మీద పలచగా పరవండి. కుప్ప వెయ్యొద్దు. కుప్ప నడుమ తేమ ఉండి సాల్వీనియా, గుర్రపుడెక్క మొదళ్లు వారాల తరబడి బతికే ఉంటాయి. నలిపితే గలగలమని పొడి అయ్యేదాకా ఎండనిచ్చి, ఆ తర్వాతే దిబ్బలో వెయ్యండి. పూసిన గుర్రపుడెక్క అయితే దిబ్బలో కూడా వద్దు, గింజలుంటాయి. తీసిన చోటికి వారానికోసారి పోయి చూడండి, గట్టు పగుళ్లలో, తామర కాడల మధ్య ఒక్క ముక్క మిగిలినా మళ్లీ మొదలవుతుంది. లెమ్నా, అజొల్లా మాత్రమే అని గట్టిగా తేలితే గడ్డిచేపలు నాలుగు వదిలితే అవే మేస్తాయి. గుర్రపుడెక్కను అవి పట్టించుకోవు.

ఇదంతా చేసినా పేరు తేలకపోతే చూపించడానికి మనుషులు దూరంలో లేరు. మహానందిలోనే వ్యవసాయ కళాశాల ఉంది, ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది, నంద్యాలలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. మొక్కను తీసుకుపోయే పద్ధతి మాత్రం తెలిసి ఉండాలి. చేత్తో పట్టుకుపోతే దారిలోనే వాడి ముద్దవుతుంది, ముద్దను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పళ్లెంలో నీళ్లు పోసి మొక్కను తేలనివ్వండి. దాని కిందికి మందపాటి తెల్ల కాగితం జార్చి, వేళ్లు విప్పారి ఉండేలా సూదితో సర్ది, కాగితాన్ని ఏటవాలుగా పైకి లేపండి. నీరు జారిపోతుంది, మొక్క కాగితానికి అంటుకుంటుంది. పైన పలచటి గుడ్డ కప్పి, పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, రోజూ పేపర్లు మార్చండి. ఒకటి పైవైపు కనబడేలా, ఒకటి అడుగు కనబడేలా రెండు చెయ్యండి. ఇంకో రెండు మొక్కలు బతికినవే మూత గట్టిగా ఉన్న సీసాలో, సగానికి నీళ్లు పోసి ఉంచండి. కాగితం మీద ఊరు, తేదీ, నీరు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఈ మధ్య గుంటలో కొత్తగా ఏం వేశారు అన్నవి రాయండి. ఈ చివరిది మర్చిపోవద్దు. తెలియని మొక్క చాలాసార్లు కొన్న తామర తొట్టి బురదలోనో, చేపపిల్లల సంచి నీళ్లలోనో, అక్వేరియం అంగట్లో తెచ్చిన గడ్డితోనో వస్తుంది. అది ఎట్లా వచ్చిందో తెలిస్తే పేరు సగం తెలిసినట్టే.

ఈలోగా చూసినవాళ్లు అడుగుతారు. బాగుంది, నాకో రెండు పిలకలివ్వు అంటారు. అడిగేది చుట్టాలైనా, గుడికి వచ్చిన దూరపు ఊరివాళ్లైనా సరే, పేరు తేలేదాకా ఒక్క పిలక కూడా ఇవ్వకండి.